ముందుమాట రావాలి

గుంటూరు బస్సు దిగేసరికి వైకుంఠం చొక్కా జేబులో మూడు వస్తువులున్నాయి: కళ్ళజోడు, బస్సు టిక్కెట్టు, నలభై రెండేళ్ళ నాటి అబద్ధం. మొదటి రెండూ ఏ జేబులోనైనా ఇముడుతాయి. మూడోది అరచేతి వెడల్పున, చదరంగా, ముదురు నీలం రంగులో ఉండి, ఒక మూల బయటికి పెట్టి దారిన పోయేవాళ్ళను చూస్తోంది. బస్సులో పక్కసీటు అమ్మాయి అడిగింది కూడా, “తాతగారూ, అది పొడుం డబ్బానా?” అని.

“పొడుమే తల్లీ. గట్టిగా తుమ్మితే వంద మెగాబైట్లు రాలతాయి.”

ఆ పిల్ల మర్యాదకి నవ్వింది. 2043లో మెగాబైట్లంటే బజారుకెళ్ళి వీశెల లెక్కన వంకాయలడిగినట్టే.

దాని పేరు జిప్ డిస్కు. దాన్ని చదివే పెట్టె ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. ఉన్నా తిరగదు, తిరిగినా చదవదు. కాని 1994 నుంచి 2009 దాకా, విజయవాడ గవర్నర్‌పేటలో ‘స్వర్గం టైలర్స్’ పై అంతస్తులో, ‘వైకుంఠం డి.టి.పి. సెంటర్’ అనే కొట్టు ఇలాంటి డిస్కుల మీదే నడిచింది. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కంప్యూటర్లో కూర్చి ప్రెస్సుకి పంపడం దాని పని. “మా వైకుంఠానికి రావాలంటే ఎవరూ పోనక్కర్లేదండీ, స్వర్గం పక్కన మెట్లెక్కితే చాలు” అని వైకుంఠం వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చినా మళ్ళీ చెప్పేవాడు.

ఆ రోజుల్లో కూర్చిన అక్షరాలు ప్రెస్సుకి తీగల్లోంచి పోయేవి కావు, సైకిలు క్యారేజీ మీద పోయేవి. మొదట అప్పడమంత ఫ్లాపీలు, తర్వాత వడియమంత ఫ్లాపీలు వచ్చాయి. వాటిలో శుభలేఖ పట్టేది గాని పెళ్ళికొడుకు ఫొటో పట్టేది కాదు. “పేరులోనే ఫ్లాపుంటే హిట్టెక్కడవుతుంది” అనేవాడు వైకుంఠం. ఆ పైన జిప్ డిస్కు వచ్చింది, ఒక్కటి డెబ్బై ఫ్లాపీల పెట్టు. ఆ పైన సీడీలు. అవి పేరులోనే ‘సీడ్’ ఉన్నందుకు చివరికి చేలోకే చేరి, దారాలకు వేలాడుతూ పిట్టల్ని అదిలించాయి. ఆ పైన పెన్ డ్రైవులు తాళాల గుత్తిలో చేరి, తాళాలతోపాటే పోయాయి. ఇక అందరి సరుకూ మబ్బుల్లోకి ఎక్కాక, పైన వైకుంఠానికి పోటీకొట్టు పడిందని ఒప్పుకుని, వైకుంఠం తన కొట్టు మూసేశాడు.

కొట్టు అతనిది, లోపల రాజ్యం ఆవిడది. రాజ్యం అంటే భార్య రాజ్యలక్ష్మి. కీబోర్డు మీద ఆవిడ వేళ్ళు పరుగెడుతుంటే కింద టైలరు కుట్టు మిషను సిగ్గుపడి ఆగేది. ఒక్కటే లోటు. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో మొగుడి చమత్కారానికి ఆవిడ నవ్వగా చూసినవాడు లేడు. అతను ఒకటి విసిరితే ముఖంలో గీత కదిలేది కాదు. మరీ పెద్దది విసిరితే “ఇక్కడ గాలాడటం లేదు” అని లేచి మెట్ల మీదికి వెళ్ళిపోయేది. వైకుంఠం దాన్ని నిరసన కింద జమకట్టాడు.

“ఒక్కదానికైనా నవ్వొచ్చుగా?” అని ఒకసారి అడిగేశాడు.

“మార్కులు వేస్తున్నాను. ‘చెత్త’ అని ఫైలు పెట్టాను. మీరేమన్నారో, ఎన్ని మార్కులో, అన్నీ అందులో ఉన్నాయి.”

“ఎప్పుడు చూపిస్తావు?”

“పరీక్షలన్నీ అయ్యాక ఫలితాలు.”

పరీక్షలు అవకుండానే కొట్టు మూతపడింది, డిస్కులు చదివే డ్రైవులు మూగబోయాయి. రెండేళ్ళ కిందట రాజ్యం కూడా పోయింది. మిగిలింది నాలుగు జిప్ డిస్కులు. ‘చెత్త’ ఉన్నది మూడో నంబరు డిస్కులో. ఇన్నేళ్ళలో ఒక్కదానికైనా పదికి పది పడిందా అన్నది తేలకుండా పోవడం వైకుంఠానికి ఇష్టం లేదు. అందుకే, పాత డిస్కులు చదివి పెడతామని గుంటూరులో ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాల ఇచ్చిన ప్రకటన చూసి, ఆదివారమని కూడా చూడకుండా బస్సెక్కాడు.

ప్రయోగశాల తలుపు మీది పేరు చదివి గుమ్మంలో ఆగిపోయాడు. డా. మేడూరి హైమవతి.

మేడూరివాళ్ళు కృష్ణకి ఈవలా ఆవలా వందమంది ఉంటారని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అయినా రిజిస్టరులో శేషవైకుంఠరావు అని రాయవలసిన చోట ‘ఎస్. వి. రావు’ అని రాశాడు. పెద్ద ఫైలుని నొక్కి చిన్నది చేయడాన్ని ఆ రోజుల్లో జిప్ చేయడం అనేవారు. అతను పేరుని జిప్ చేశాడు.

హైమవతికి యాభై అయిదేళ్ళుంటాయి. “ముందు ఒకటి చూడండి, తర్వాత మీ ఇష్టం” అని బూజుపట్టిన ఫ్లాపీ ఒకటి తీసి, తొడుగు విప్పి, లోపలి గోధుమరంగు పొరను గాజు పళ్ళెంలో పరిచింది. దాని మీద సూదిమొనంత వెలుగు గీత తర్వాత గీతగా పాకింది. తెర మీద ఎవరిదో శుభలేఖ లేచింది. వధువు, వరుడు, ముహూర్తం, విందు.

“బాగుందమ్మా. ఇంకోసారి నడపండి.”

నడిపింది. తెర ఖాళీ.

“అంతేనండి. వేడి తగిలితే లోపలి రేణువులు ఒక్కసారి లేచి, దాచుకున్నది చెప్పేస్తాయి. చెప్పాక ఇక లేవవు. దీన్ని మేం పొరదీపం అంటాం.”

“ఒక్క మాటకే ఒత్తి కాలిపోయే దీపమన్నమాట.”

“ఇంకో సంగతి కూడా ఉంది. చాలామంది ఒకే డిస్కు మీద రాసి, చెరిపి, మళ్ళీ రాశారు. పలక తుడిచినా అంచుల్లో సుద్ద మిగిలినట్టు, కింద రాసింది కొంత మిగులుతుంది. పొరదీపం ఆ మిగిలినదాన్ని కూడా లేపగలదు. కాని రెండు పొరలూ ఒకేసారి లేస్తే చేపల బజారే. ఒకదాన్ని వినాలంటే రెండోదాని నోరు నొక్కాలి. నొక్కింది పోయినట్టే.”

“రెండూ రికార్డు చేసుకుని, తర్వాత తీరిగ్గా విడదీస్తే?”

“పదకొండేళ్ళు ఆ పనే చేశాను. కుదరలేదు. అందుకే ఏ పొర కావాలో యజమాని సంతకం పెట్టాలి.”

ఆవిడ మూడో నంబరు డిస్కు ఇనప రెక్క జరిపి, చిన్న వెలుగుతో పైపైన తడిమింది. పొరలెన్నో తెలుసుకోవడానికేగాని, చదవడానికి ఆ వెలుగు చాలదట. రెక్క కింద, డిస్కు ఒంటి మీదే, ఎర్రటి మచ్చ కనిపించింది.

“ఇదేంటండీ?”

“కుంకుమ. ఆయుధపూజ.” వైకుంఠానికి నవ్వొచ్చింది. “కొట్టు మూసేముందు ఆఖరి దసరా. అన్ని డిస్కులకీ పై తొడుగు మీదే బొట్టు పెట్టింది మా ఆవిడ. దీనికి మాత్రం రెక్క తీసి లోపల పెట్టింది. ‘డిస్కు నాశనం చేశావే’ అని అరిచాను. ‘మనిషికి బొట్టు నుదుట పెడతాం గాని చొక్కాకి పెడతామా? అయినా ఇక దీన్నెవరు తిప్పుతారు?’ అంది. అప్పట్నుంచీ నిజంగానే తిప్పలేదు.”

“ఇప్పుడు తుడిస్తే చుట్టుపక్కల గీతలు పడతాయి. ఉండనివ్వండి. కుంకుమలోంచి వెలుగు పోదు, అంతమేర ఏమీ రాదు.” తెరవైపు తిరిగింది. “రెండు పొరలున్నాయి. పైన బోలెడు చిన్న ఫైళ్ళు. కింద ఒకటే పెద్దది, నాలుగొందల పేజీలుండొచ్చు. అదేంటో తెలుసా మీకు?”

తెలుసు.

“ఏదో పాత ఫైలమ్మా” అన్నాడు వైకుంఠం. “నాక్కావలసింది పైది.” మాట మార్చడానికి అడిగాడు, “ఇంతమంది ఇన్ని కనిపెడుతుంటే, మీరీ పాత సామాన్ల పని ఎందుకు పెట్టుకున్నారు?”

“నాకు పదమూడేళ్ళప్పుడు మా నాన్నగారి పుస్తకం ఒక డిస్కులో పోయింది. ‘చెడిపోయిందట’ అన్నారు. చెడిపోతే అందులోది ఎక్కడికి పోయింది నాన్నా అని అడిగాను. ఆయన చెప్పలేదు. వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాను.” కాగితాలు సర్దుతూ మామూలుగా చెప్పింది. “రెండు పొరల డిస్కుకి సరిపడా దీపం వేడెక్కడానికి రెండు గంటలు పడుతుంది. ఇవాళ క్యాంటీను లేదు. ఇల్లు పక్కనే, భోంచేసి వద్దాం రండి.”

వైకుంఠం వద్దన్నాడు. ఆకలి లేదన్నాడు. షుగరన్నాడు. షుగరున్నవాళ్ళు అసలు ఆకలితో ఉండకూడదని ఆవిడ బయల్దేరదీసింది. డిస్కు అక్కడ వదలడానికి మనసొప్పక జేబులో పెట్టుకున్నాడు. నడుస్తున్నంతసేపూ అతని బొటనవేలు గోరు డిస్కు మీది కాగితపు చీటీ అంచుని గీకుతూనే ఉంది. ఆ చీటీ కింద ఇంకో చీటీ ఉందని అతనికి తెలుసు.

మేడూరి సోమలింగం మాస్టారు పదకొండేళ్ళు కాలవగట్ల వెంట తిరిగి, ముసలి పడవ సరంగుల నోటి మాటలు ఏరుకొచ్చిన మనిషి. పడవలు ఆగిపోయిన ముప్ఫై ఏళ్ళకి వెళ్ళాడు. గాలికి, సుడికి, తాడుకి, బురదకి, వాళ్ళు మాత్రమే వాడిన మాటలు. ఒక్కో మాట ఒక్కో చీటీ మీద రాశాడు, మొత్తం పదకొండు వందల పైచిలుకు. 2000 నవంబరుకి రాజ్యం అన్నీ టైపు చేసి, దిద్దుబాట్లు ముగించి, డిస్కు మీద అతికించిన కాగితంపై ‘ముందుమాట రావాలి’ అని రాసి పెట్టింది. మాస్టారు ఆ పూటే చీటీల సంచీ తీసుకెళ్ళి కృష్ణలో కలిపేశాడు. చిరిగిన పాత పంచాంగాల్ని తొక్కుళ్ళలో పడకుండా ఏట్లో వదిలినట్టే. “మాటలు డిస్కులో భద్రంగా ఉన్నాయిగా, చీటీలు ఏటివే” అన్నాడు. ముందుమాట మాత్రం తెగలేదు. నాలుగు వాక్యాలు రాయడం, కొట్టేయడం. అలా పదకొండు నెలలు.

2001 అక్టోబరులో ఒక సంఘం ఎన్నికలు పడ్డాయి. కరపత్రాలు కుప్పలు. ఖాళీ డిస్కు లేదు. వైకుంఠం మూడో నంబరు తీసి లోపల తోశాడు.

“అది మాస్టారిది. కాపీ తీశారా?” అంది రాజ్యం.

“పొద్దున్నే తాగేశా” అన్నాడు వైకుంఠం, చెరిపే మీట నొక్కుతూ.

తన మాటకి తనే నవ్వుకున్న రెండు నిమిషాలకి కాపీ లేదన్న సంగతి తెలిసింది. వారానికి మాస్టారు ముందుమాటతో మెట్లెక్కి వచ్చాడు. “డిస్కు చెడిపోయింది మాస్టారూ” అన్నాడు వైకుంఠం. మాస్టారు చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, “వస్తువన్నాక చెడుతుంది” అని దిగి వెళ్ళిపోయాడు. డిస్కుకి జిప్పుంది గాని నోటికి లేదు మీకు, అని రాజ్యం దెప్పేది. ఆ ఒక్క విషయంలో మాత్రం వైకుంఠం నోటికి నలభై రెండేళ్ళపాటు జిప్పు బిగిసింది.

హైమవతి ఇంట్లో మాస్టారు వరండాలో కూర్చుని ఉన్నాడు. తొంభై మూడేళ్ళు. చూపు పోయింది, చెవులు పోలేదు.

“నాన్నా, డిస్కు తెచ్చిన పెద్దాయన” అని చెప్పి హైమవతి వడ్డించడానికి లోపలికెళ్ళింది.

“రండి బాబూ, కూర్చోండి.”

వైకుంఠం ఊఁ అన్నాడు. ఆ గొంతు విప్పితే ప్రమాదమని తెలుసు. తినేటప్పుడు కూడా తల ఊపడంతో సరిపెట్టాడు. ఇంతలో కరెంటు పోయి ఫ్యాను నెమ్మదించింది. గాలి ఆగింది. మాస్టారు ముద్ద చేతిలో పట్టుకుని తల పైకెత్తాడు.

“గాలి తిరగబోయేముందు ఏటి మీద ఒక్క క్షణం అంతా ఆగిపోతుంది బాబూ. తెరచాప వాలిపోతుంది. సరంగు అప్పుడే లేచి తాడు పట్టుకోవాలి. దానికో మాట ఉంది. పదేళ్ళుగా నాలుక చివరే ఉంది, దిగి రాదు.”

హైమవతి గరిటెతో వచ్చింది. “చారు కాస్త పలచనైంది, ఏమనుకోకండి.”

“ఫర్లేదమ్మా, చారు పలచనైతే విచారమూ పలచనవుతుంది.”

పళ్ళూడినా అలవాటు ఊడలేదు. మాట బయటికొచ్చేసింది. మాస్టారి చెయ్యి ఆగింది.

“ఈ గొంతు నాకు తెలుసు” అన్నాడు నెమ్మదిగా. “స్వర్గం టైలర్స్ మీద. ఏమయ్యా, వైకుంఠానివేనా?”

“నేనే మాస్టారూ.”

హైమవతి గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. “నాన్నా, పుస్తకం టైపు చేసింది వీళ్ళేనా?”

“ఈయనే. ఈయన తప్పేం లేదమ్మా, వెనకటి సంగతని ఏమీ అనకు. ముందుమాట పదకొండు నెలలు నాన్చింది నేను. ఏ వస్తువైనా ఎంతకాలమని కాచుకుంటుంది? నవంబర్లోనే రాసిచ్చి ఉంటే జనవరికి పుస్తకం వచ్చేది. నాలుగు వాక్యాలకి బద్ధకించాను. నా బద్ధకానికి సరంగుల నోళ్ళు మూతపడ్డాయి. రోజూ అనుకుంటాను.”

ఆ తప్పు ఇన్నేళ్ళూ ఎవరూ మోయకుండా ఎక్కడో పడి ఉందని వైకుంఠం అనుకున్నాడు. ఈయన మోస్తున్నాడని ఊహించలేదు. ఎడమచేత్తో జేబులోని డిస్కు తీసి, పొద్దుట్నుంచీ గోరుతో లేపుతున్న పైచీటీని లాగేశాడు. ‘కరపత్రాలు, చెత్త’ అన్న కాగితం ఊడొచ్చింది. దాని కింద రాజ్యం గుండ్రటి అక్షరాలు. డిస్కుని హైమవతి ముందుకు జరిపాడు.

ఆవిడ తండ్రికి వినిపించేలా చదివింది. “మేడూరి మాస్టారు. పడవ మాటలు. ముందుమాట రావాలి.”

ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

“అయితే చెడిపోలేదన్నమాట” అన్నాడు మాస్టారు.

“చెడిపోలేదండి. కాపీ తీయకుండా నేనే చెరిపాను. చెప్పడానికి భయమేసింది.”

మాస్టారు చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. “నలభై రెండేళ్ళు నన్ను నేను తిట్టుకున్నానయ్యా. ఆ తిట్లన్నీ ఇప్పుడెక్కడ పెట్టను?”

“నాకివ్వండి మాస్టారూ. మోసుకెళ్తాను.”

హైమవతి గొంతు పెంచలేదు. “పొద్దున అడిగాను మిమ్మల్ని.”

“అడిగారు.”

“పైపొర చదివేదాన్ని. మా నాన్నది నా చేత్తోనే పోయేది.”

“అవునమ్మా.”

ఆవిడ లోపలికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. “డిస్కు మీది. ఏ పొరో చెప్పాల్సింది కూడా మీరే. ఇది మా నాన్నదని చెప్పి నా అంతట నేను నిర్ణయిస్తే, రేపు ఇంకెవరి డిస్కయినా అలాగే నిర్ణయిస్తాను. అది నాకిష్టం లేదు. పైపొరలో ఏముంది?”

“మా ఆవిడ వేసిన మార్కులు. నా జోకులకి.”

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చే సంగతేనని ముగ్గురికీ తెలుసు.

ప్రయోగశాలకి తిరిగొచ్చాక వైకుంఠం కాగితం ముందు కూర్చున్నాడు. పైన, కింద అని రెండు గడులు. పైగడి వైపు కలం రెండుసార్లు వెళ్ళొచ్చింది. రాజ్యం ఉంటే ఏమనేదో ఆలోచించాడు. ఏమీ అనేది కాదు, లేచి మెట్ల మీదికి వెళ్ళేది. కిందిగడిలో గీత పెట్టి, ఈసారి నిండుపేరు రాశాడు. శేషవైకుంఠరావు.

వెలుగు పాకింది. తెర మీద వచ్చింది చూసి హైమవతి నీరుకారిపోయింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, బొట్లు, గొడుగులు, కొంకీలు. “పొర తప్పిందా?”

“తప్పలేదమ్మా” అన్నాడు వైకుంఠం కళ్ళజోడు పెట్టుకుంటూ. “మా కాలపు తెలుగు ఫాంటు అంతే. లోపల ఇంగ్లీషు అక్షరాలుంటాయి, పైన తెలుగు తొడుగు. ఆ ఫాంటు లేకపోతే తొడుగు ఊడి ఇలా కనిపిస్తుంది. పదిహేనేళ్ళు ఈ కంగాళీనే దిద్దాను.” వేలు తెర మీద పెట్టాడు. “ఇది ‘చుక్కాని’. దీని కింద ‘చుక్కాని పట్టు’. ఇది ‘చుట్టుసుడి’.”

అతను చదువుతుంటే ఆవిడ రాసుకుంది. గంటసేపట్లో ఆ కంగాళీ గుట్టు పట్టుకుని ఆవిడ చిన్న ప్రోగ్రాము రాసింది. తర్వాత తెలుగు తనంత తనే నడిచింది. నాలుగొందల పేజీల్లో ఒక్కచోటే గండి పడింది. గకారంలో, ‘గడ్డతాడు’ తర్వాత కొన్ని మాటలు లేవు. మళ్ళీ ‘గుంజకట్టు’తో మొదలైంది. వరస సంఖ్యల లెక్క చూస్తే పోయినవి ముప్ఫై ఒకటి.

“కుంకుమబొట్టు” అన్నాడు వైకుంఠం. “మా ఆవిడ ఇందులో కూడా వేలు పెట్టింది.”

హైమవతి డిస్కుని వెలుగుకి పట్టి చూసింది. బొట్టు చుట్టూ పొర గాజులా శుభ్రంగా ఉంది. ఉన్నట్టుండి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“బొట్టులోంచి వేడి పోలేదు. అంటే దాని కింద ఏదీ లేవలేదు, ఏదీ పోలేదు. రెండు పొరలూ అలాగే ఉన్నాయి. చుట్టూ ఇప్పుడు ఖాళీ కాబట్టి తుడిచినా నష్టం లేదు.” కాస్త ఆగి అంది, “అయితే మళ్ళీ అదే. ఏదో ఒకటే.”

వైకుంఠం కలం కోసం చెయ్యి చాచాడు. “మాస్టారి మాటలు ముప్ఫై ఒకటి అన్నారుగా. కిందదే.”

“ఆగండి” అంది. ఇంటికి ఫోను చేసి, తండ్రికి గండికి ముందున్న మాటలు వరసగా చదివింది. గచ్చురేవు. గట్టుమోత. గడ్డతాడు. అవతల మాస్టారి ఊపిరి వినిపించింది. తర్వాత ఆయనే అందుకున్నాడు.

“గడ్డతాడు, దాని తర్వాత గడ్డరేవు. గరువుగట్టు. గాడినీరు. గాలి... గాలిముడి.” ఆగాడు. “గాలిముడి, హైమా. గాలి తిరగబోయేముందు ఆగుతుందే, అది గాలిముడి. రాసుకున్నావా?”

“రాసుకున్నాను నాన్నా.”

పక్కమాటలు చెయ్యి పట్టుకుంటే పోయిన మాటలు లేచొచ్చాయి. తడుముకుని తడుముకుని ఇరవై ఆరు చెప్పాడు. మిగతా అయిదూ రాలేదు.

“ఆ అయిదూ వీళ్ళావిడ డిస్కుకి పెట్టిన కుంకుమబొట్టు కిందున్నాయి నాన్నా. చదవొచ్చు. కాని అక్కడే ఆవిడ రాసింది కూడా ఉంది.”

మాస్టారు ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు. “అయిదూ ఏటిలో ఉండనివ్వు. పదకొండు వందలు నాకిచ్చారు, సరంగులకీ కాస్త మిగలాలిగా. ఆ బొట్టు ఆవిడ పెట్టింది, ఆవిడ మాటే వినండి. ఏమయ్యా వైకుంఠం, ఉన్నావా?”

“ఉన్నాను మాస్టారూ.”

“రాతగాణ్ణి ఎవరినైనా చూడు. రేపట్నుంచి ముందుమాట చెబుతాను.”

“నేను టైపు చేస్తాను. ఈసారి కాపీలు మూడు తీస్తాను.”

హైమవతి దూదిని మందులో ముంచి బొట్టు తుడిచింది. దూది ఎర్రబడింది. పళ్ళెంలో వెలుగు శనగగింజంత మేర తిరిగి ఆగిపోయింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. తెర మీద మూడు వరసల కంగాళీ అక్షరాలు పడ్డాయి. హైమవతి తన ప్రోగ్రాము మీదికి చెయ్యి పోనిచ్చి, వెనక్కి తీసుకుంది.

“మీరే చదువుకోండి” అని కిటికీ వైపు తిరిగింది.

వైకుంఠం కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో కొంకీ, ఒక్కో గొడుగూ పట్టుకుని చదివాడు. మొదలు లేదు, వాక్యం మధ్యలోంచి ఉంది.

‘...అన్నారు. ఇది బాగుంది. ఎదురుగా నవ్వితే ఆ పూటంతా ఇదే చెబుతారు. గాలాడటం లేదని చెప్పి మెట్ల మీదికెళ్ళి నవ్వుకుని వచ్చాను. మార్కులు’

అక్కడితో బొట్టు అంచు.

“ఏముందండీ?” అంది హైమవతి కొంతసేపటికి.

పైకి చదివి వినిపించాడు. గొంతు మామూలుగానే ఉంది.

“ఏ జోకు అయ్యుంటుంది?”

“తెలీదమ్మా. మార్కులూ పోయాయి, ప్రశ్నా పోయింది.”

ఖాళీ డిస్కు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. డిస్కు మీద మిగిలిన ‘ముందుమాట రావాలి’ చీటీని ముందే ఊడదీసి హైమవతికిచ్చి, ‘కరపత్రాలు, చెత్త’ చీటీ తను తీసుకున్నాడు. విజయవాడ బస్సు వచ్చేసరికి చీకటి పడబోతోంది. కిటికీ పక్కన కూర్చుని, కొట్టు తెరిచిన 1994 నుంచి వరసగా, రాజ్యం గాలాడటం లేదని మెట్ల మీదికి ఎన్నిసార్లు వెళ్ళిందో గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాడు. మంగళగిరి దాటేసరికి వేళ్ళు చాల్లేదు.